హైదరాబాద్ మీద చక్కర్లు కొట్టి బెంగళూరుకు వెళ్లిన విమానం: ఎంత ఇంధనం పోస్తారు, ఎలా లెక్కేస్తారు?

మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మే నెలలో ఒక సాయంత్రం ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తున్న మీ విమానం ఉరుముల వాన వల్ల శంషాబాద్‌లో దిగలేక దాదాపు 40 నిమిషాలు గాల్లో తిరిగింది. తర్వాత కెప్టెన్ "ఫ్యూయల్ దృష్ట్యా బెంగళూరు వెళ్తున్నాం" అని ప్రకటించారు. పక్క సీటాయన "ఖర్చు తగ్గించుకోవడానికి సగం ట్యాంకే పోస్తారండీ" అన్నారు. దాంతో మీకు నాలుగు సందేహాలు వచ్చాయి. కారులో దూరం వెళ్లేటప్పుడు ఫుల్ ట్యాంక్ కొట్టిస్తాం కదా, విమానానికి ఎందుకు చేయరు? ఆ రోజు మనం నిజంగా ప్రమాదం అంచుదాకా వెళ్లామా? వార్తల్లో వచ్చే 'మే డే ఫ్యూయల్' అంటే ట్యాంకు ఖాళీ అయిపోయినట్టేనా? బెంగళూరులో దిగాక రెండు గంటలు విమానంలోనే ఎందుకు కూర్చోబెట్టారు?

నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. విమానం బయల్దేరే ముందు రూటు, వాతావరణం, బరువు, ఇంధనం లెక్కలు వేసి కెప్టెన్ చేతికి ఫ్లైట్ ప్లాన్ ఇచ్చే పని అది. ప్రయాణికులకు మేం కనిపించం కాబట్టి ఈ లెక్కల గురించి బయట ఎవరికీ పెద్దగా తెలియదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ పక్క సీటాయన చెప్పిన విషయం నిజమే. ఢిల్లీ–హైదరాబాద్ ప్రయాణానికి ఏ320 నియో రకం విమానంలో ట్యాంకులు సగం దాకానే నింపుతారు. దాని నుంచి ఆయన తీసిన అర్థం మాత్రం తప్పు.

అంకెల్లో చూద్దాం. ఇవి గుండు లెక్కలు, విమానాన్ని బట్టి, గాలిని బట్టి, బరువును బట్టి మారతాయి. మేం ఇంధనాన్ని లీటర్లలో కాకుండా కిలోల్లో లెక్కిస్తాం. ఎందుకంటే వేడికి ఇంధనం వ్యాకోచించి లీటర్ల అంకె మారుతుంది, ఇంజిన్‌కు కావలసింది ద్రవ్యరాశి, విమానం మోయాల్సింది బరువు. లీటరు జెట్ ఇంధనం సుమారు 0.8 కిలోలు తూగుతుంది.

మొదట ట్యాక్సీ ఫ్యూయల్, అంటే బే (విమానం ఆగి ఉండే చోటు) నుంచి రన్‌వే దాకా వెళ్లడానికి. ఢిల్లీలో రద్దీ ఎక్కువ కాబట్టి 200 కిలోలు అనుకుందాం. తర్వాత ట్రిప్ ఫ్యూయల్. టేకాఫ్ నుంచి శంషాబాద్‌లో చక్రాలు నేలను తాకేదాకా అయ్యే ఖర్చు ఇది, సుమారు 4,400 కిలోలు. దాని మీద కంటింజెన్సీ 5 శాతం, అంటే 220 కిలోలు. ఎదురుగాలి అనుకున్నదానికన్నా బలంగా ఉన్నా, ఏటీసీ వాళ్లు (విమానాలకు దారి చూపే నేల మీది కంట్రోలర్లు) తక్కువ ఎత్తులో ఉంచినా, మేఘాలను తప్పించుకోవడానికి పక్కకు తిరిగినా అది ఇందులోంచే పోతుంది. ఆ 5 శాతం ఎంత చిన్నదైనా, కనీసం 5 నిమిషాలు హోల్డింగ్‌లో, అంటే దిగే వంతు కోసం ఒకేచోట చక్కర్లు కొడుతూ, తిరగడానికి సరిపడా ఉండాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ ప్రమాణం.

ఆ తర్వాత ఆల్టర్నేట్ ఫ్యూయల్. శంషాబాద్‌లో దిగబోయి కుదరక మళ్లీ పైకి లేచి, ఇంకో ఊరికి వెళ్లి అక్కడ దిగడానికి కావలసిన మొత్తం. బెంగళూరును ఆల్టర్నేట్‌గా పెట్టుకుంటే సుమారు 1,900 కిలోలు. గన్నవరం పెట్టుకుంటే ఇంకా తక్కువ పడుతుంది. కానీ హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన మేఘాల వరస అటే కదులుతుంటే గన్నవరం పనికిరాదు. ఆల్టర్నేట్‌ను దూరం ఒక్కటే చూసి ఎంచుకోం. మనం అక్కడికి చేరే సమయానికి ఒక గంట అటూ ఇటూ అక్కడి వాతావరణ సూచన నిర్ణీత కనీస స్థాయి కంటే మెరుగ్గా ఉండాలి.

చివరిది ఫైనల్ రిజర్వ్. జెట్ విమానానికి ఇది 30 నిమిషాల ఇంధనం, విమానాశ్రయం మీద 1,500 అడుగుల ఎత్తులో హోల్డింగ్ వేగంతో తిరిగేటట్టు లెక్కగట్టినది. ఏ320 నియోకు సుమారు 1,000 కిలోలు. దీన్ని వాడుకోవాలని ఎవరూ ప్లాన్ చేయరు. విమానం ఎక్కడ దిగినా, దిగాక ఈ అరగంట ఇంధనం ట్యాంకులో మిగిలి ఉండాలి. మా వృత్తిలో ఇది దాటకూడని గీత.

ఇవన్నీ కలిపితే 7,720 కిలోలు. చట్టం అడిగేది ఇంతే. ఇప్పుడు మీ విమానం సంగతికి వద్దాం. హైదరాబాద్ మీదికి చేరేసరికి, ఎక్స్‌ట్రా ఏమీ పోయకుండా వచ్చి ఉంటే, ఆల్టర్నేట్‌కూ ఫైనల్ రిజర్వ్‌కూ పక్కన పెట్టాక మిగిలేది ఆ 220 కిలోల కంటింజెన్సీ ఒక్కటే. హోల్డింగ్‌లో గంటకు 2,000 కిలోలు ఖర్చవుతుంది కాబట్టి అది ఆరేడు నిమిషాలకు మించి రాదు. మీరు 40 నిమిషాలు తిరిగారు. అంటే ఆ రోజు మీ డిస్పాచర్, కెప్టెన్ కలిసి సాయంత్రం ఉరుములు వస్తాయని సూచన చూసి, కనీసం 1,100 నుంచి 1,300 కిలోలు అదనంగా పోయించి ఉండాలి. మీరు గాల్లో గడిపిన ఆ సమయమే సాక్ష్యం. నియమం అడగని ఇంధనం మీ విమానంలో ఉంది, దాన్ని హైదరాబాద్‌లో దిగే ప్రయత్నానికి ఖర్చు పెట్టారు, అది అయిపోగానే ఆల్టర్నేట్ వాటా ముట్టుకోకుండా బెంగళూరు తిరిగారు. నేను ఆ ఫ్లైట్ చూసే సీట్లో ఉంటే కెప్టెన్ నుంచి కోరుకునేది సరిగ్గా అదే.

"ఫ్యూయల్ దృష్ట్యా" అని ఆయన అన్న మాటకు పూర్తి అర్థం ఇదీ: ఇప్పుడు బయల్దేరితే బెంగళూరు చేరాక కూడా అరగంట ఇంధనం మిగులుతుంది, ఇంకా ఇక్కడే ఆగితే ఆ అరగంటలోంచి తినాల్సి వస్తుంది. ప్రమాదం అంచు మీరు చూసిన చోటికి చాలా దూరంలో ఉంది. ప్రకటనలో ఇంకో రెండు వాక్యాలు చెప్పి ఉంటే మీకు అంత టెన్షన్ ఉండేది కాదు. కెప్టెన్లు ఈ విషయంలో కొంచెం మాట ఖర్చు చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ఫుల్ ట్యాంక్ ప్రశ్న. ఏ320 నియో ట్యాంకుల్లో సుమారు పద్దెనిమిదిన్నర టన్నులు పడతాయి. ఖాళీ విమానం, సిబ్బంది, నిండా ప్రయాణికులు, సామాన్లు కలిపితే 60 టన్నుల దాకా తూగుతుంది అనుకుందాం. ఫుల్ ట్యాంక్ కొడితే 78 దాటుతుంది. ఈ విమానానికి టేకాఫ్ గరిష్ఠ బరువు 79 టన్నులు కాబట్టి లేవడం వరకు లేస్తుంది. కానీ దిగేటప్పుడు ఉండాల్సిన గరిష్ఠ బరువు 67.4 టన్నులే. హైదరాబాద్ చేరేసరికి నాలుగున్నర టన్నులు ఖర్చయినా ఇంకా 74 టన్నుల పైచిలుకు ఉంటుంది. ఏడు టన్నులు ఎక్కువ. ఏ320కి గాల్లో ఇంధనం వదిలేసే ఏర్పాటు లేదు, అది కొన్ని పెద్ద విమానాలకే ఉంటుంది. అంటే మూడు గంటలకు పైగా ఊరి మీద తిరిగి ఆ ఇంధనం కాల్చేదాకా దిగలేరు. అత్యవసరంలో అధిక బరువుతో దిగవచ్చు. కానీ అప్పుడు వేగం ఎక్కువ, రన్‌వే ఎక్కువ కావాలి, బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి, దిగాక ఇంజినీర్లు విమానాన్ని ప్రత్యేకంగా తనిఖీ చేయాలి. వానలో తడిసిన రన్‌వే మీద అనవసరపు బరువుతో దిగడం భద్రతకు మేలు చేయదు, కీడు చేస్తుంది.

పైగా ఇంధనం మోయడానికీ ఇంధనం కావాలి. అదనంగా తీసుకెళ్లే బరువులో గంటకు సుమారు 3 శాతం దాన్ని మోయడానికే కాలిపోతుంది. రెండు గంటల ప్రయాణంలో ఒక టన్ను ఎక్స్‌ట్రా పోస్తే 60 కిలోలు పోతాయి, అది భరించదగ్గదే. ఢిల్లీ నుంచి అమెరికా పశ్చిమ తీరానికి వెళ్లే పదిహేను గంటల ప్రయాణంలో అదే టన్నులో మూడోవంతుకు పైగా దారిలోనే ఆవిరవుతుంది. అందుకే దూర ప్రయాణాల్లో ప్రతి టన్నుకూ లెక్క చెప్పాలి.

డబ్బు లెక్కలు ఉండవా అంటే ఉంటాయి, దాచడం దేనికి. విమాన సంస్థల ఖర్చుల్లో ఇంధనమే అతి పెద్ద భాగాల్లో ఒకటి. మన దేశంలో విమాన ఇంధనం జీఎస్టీ కిందికి రాలేదు, రాష్ట్రాలు వ్యాట్ వేస్తాయి. కొన్ని రాష్ట్రాల్లో 1 శాతం దగ్గర ఉంటే కొన్నిచోట్ల 20 శాతం పైనే. అందుకని చవగ్గా దొరికే చోట ఎక్కువ పోయించుకుని, ఖరీదైన ఊళ్లో తక్కువ కొనే పద్ధతి ఉంది, ట్యాంకరింగ్ అంటారు. ఇక్కడ గమనించండి, డబ్బు ఆదా కోసం కూడా చాలాసార్లు విమానంలో ఎక్కువ ఇంధనమే ఉంటుంది. అవతలి వైపు, ఏ కెప్టెన్ ఎంత ఎక్స్‌ట్రా తీసుకుంటున్నాడో కొన్ని సంస్థలు పట్టికలు వేస్తాయి. ఇది నాకు నచ్చని అలవాటు. ఫ్లైట్ ప్లాన్‌లోని అంకె కనీసం, దాని మీద ఎంత కావాలో నిర్ణయించే హక్కు కెప్టెన్‌ది. వాతావరణ సూచన చూసి "ఇంకో 800 పోయించండి" అని అడిగిన కెప్టెన్‌ను ఎందుకని నిలదీసే సంస్కృతి ఎక్కడ మొదలైనా, తర్వాతిసారి ఆయన అడగడానికి ఒక్క క్షణం తటపటాయిస్తారు. ఆ తటపటాయింపు ఎవరికీ మంచిది కాదు.

నియమం అడిగినదానికంటే ఎక్కువ ఉన్నా ఒక్కోసారి చాలదనడానికి యూరప్‌లో ఒక మంచి ఉదాహరణ ఉంది. 2012 జూలై 26న మాడ్రిడ్‌లో ఉరుముల వాన వల్ల దిగలేక మూడు ర్యాన్‌ఎయిర్ విమానాలు వాలెన్సియాకు మళ్లి, మూడూ మే డే, అంటే అత్యవసర పరిస్థితి, ప్రకటించి దిగాయి. దర్యాప్తు చేసిన ఐర్లండ్ విమానయాన నియంత్రణ సంస్థ, మూడూ నియమం అడిగినదానికంటే ఎక్కువ ఇంధనంతోనే బయల్దేరాయని తేల్చింది. ఎవరూ నియమం తప్పలేదు. అయినా మాడ్రిడ్ నుంచి అందరూ ఒకేసారి వాలెన్సియా మీద పడితే అక్కడ కూడా క్యూ తయారైంది. మా పనిలో ఇది ముఖ్యమైన విషయం. హైదరాబాద్ మూతపడితే బెంగళూరుకు వెళ్లేది మన విమానం ఒక్కటే కాదు. చెన్నై ఈశాన్య రుతుపవనాల వానలో, ఢిల్లీ డిసెంబరు, జనవరి పొగమంచులో ఇదే జరుగుతుంది. కాగితం మీద ఆల్టర్నేట్ ఫ్యూయల్ ఒక్క విమానం నేరుగా వెళ్లి దిగినట్టు లెక్కగడుతుంది. అనుభవం ఉన్న డిస్పాచర్ ఆ క్యూను కూడా ఊహించి పోయిస్తాడు.

మే డే ఫ్యూయల్ గురించి. ఇందులో రెండు మెట్లున్నాయి, రెండింటినీ టీవీ వాళ్లు కలిపేస్తారు. మొదటిది 'మినిమమ్ ఫ్యూయల్'. పైలట్ ఈ మాట అంటే, "నేను ఫలానా విమానాశ్రయంలోనే దిగాలని నిర్ణయించుకున్నాను, ఇక నుంచి మీరు ఏ ఆలస్యం చేసినా ఫైనల్ రిజర్వ్ కంటే తక్కువతో దిగాల్సి రావచ్చు" అని ఏటీసీకి తెలియజేయడం. ఇది అత్యవసర ప్రకటన కాదు, దీనితో ముందు వరసలో చోటు దొరకాలన్న నియమమూ లేదు. రెండోది 'మే డే మే డే మే డే ఫ్యూయల్'. దగ్గర్లో సురక్షితంగా దిగగలిగిన చోట దిగేసరికి ఫైనల్ రిజర్వ్ అరగంట కంటే తక్కువ మిగులుతుందని లెక్క తేలిన క్షణంలో ఇది ప్రకటించి తీరాలి. ఆ క్షణంలో ట్యాంకు ఖాళీగా ఉండదు. దిగాక ఇరవై ఎనిమిది నిమిషాల ఇంధనం మిగులుతుందని తేలినా మే డే చెప్పాల్సిందే. 2025 జూన్‌లో గువాహటి నుంచి చెన్నై వెళ్తున్న ఇండిగో విమానం చెన్నైలో దిగలేక బెంగళూరు వైపు మళ్లి ఈ ప్రకటన చేసినప్పుడు వార్తలు హడలగొట్టాయి. విమానం మామూలుగా దిగింది. ఆ ప్రకటన పని, మిగతా విమానాలను పక్కకు తప్పించి దారి ఇప్పించడం. పైలట్ మొహమాటపడకుండా ఆ మాట అనడమే మాకు కావలసింది.

మొహమాటం ఎంత ఖరీదైనదో 1990 జనవరి 25 రాత్రి తెలిసింది. కొలంబియా నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి వస్తున్న ఏవియాంకా 52 అనే బోయింగ్ 707, వాతావరణం వల్ల మూడు చోట్ల కలిపి గంటా పదిహేడు నిమిషాలు హోల్డింగ్‌లో తిరిగింది. ఇంధనం అయిపోతోందని కంట్రోలర్లతో అన్నారు, ప్రాధాన్యం కావాలని అడిగారు, కానీ ఎమర్జెన్సీ అని ఒక్కసారి కూడా ప్రకటించలేదు. విన్నవాళ్లు అంత తీవ్రత ఉందనుకోలేదు. మొదటి ప్రయత్నంలో దిగలేక మళ్లీ లేచిన విమానం లాంగ్ ఐలండ్‌లోని కోవ్ నెక్ దగ్గర ఇంజిన్లు ఆగి కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇప్పుడున్న మినిమమ్ ఫ్యూయల్, మే డే ఫ్యూయల్ అనే రెండు స్పష్టమైన పదాలను ఐసీఏఓ ప్రపంచమంతటికీ ఒకే అర్థంతో 2012లో నిర్దేశించింది. ఎవరి ఇంగ్లిష్ ఎలా ఉన్నా, ఏ దేశపు పైలట్ అయినా, ఆ మాట వింటే కంట్రోలర్ చేయాల్సిన పని ఒక్కటే.

అంతకుముందు 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ 173 కథ వేరు. ల్యాండింగ్ గేర్ సరిగ్గా దిగిందో లేదో అన్న అనుమానంతో సిబ్బంది ఊరి దగ్గరే దాదాపు గంటసేపు తిరుగుతూ దాని మీదే తలమునకలయ్యారు. ఇంధనం తగ్గిపోతోందని కాక్‌పిట్‌లో మిగతావాళ్లకు తెలుసు, కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేకపోయారు. పదిమంది ప్రాణాలు పోయాయి. కాక్‌పిట్‌లో చిన్నవాడు కూడా పెద్దాయనకు అడ్డు చెప్పగలగాలి అనే శిక్షణ, సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్), ఈ ప్రమాదం తర్వాతే విమాన సంస్థల్లో ఊపందుకుంది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మన పిల్లలకు ఈ శిక్షణ ఇంకా ఎక్కువ అవసరం అని కొత్త డిస్పాచర్లకు నేర్పేటప్పుడు ప్రతిసారీ చెప్పేవాణ్ని.

కెనడాలో 1983 జూలై 23న జరిగిన గిమ్లీ సంఘటన గురించి మీలో చాలామంది వినే ఉంటారు. అందులోని లెక్క మాత్రం చాలామంది చూసి ఉండరు, అది చూస్తే గానీ మా పని ఎలాంటిదో అర్థం కాదు. ఎయిర్ కెనడా బోయింగ్ 767, మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. ఇంధనం మీటర్లు పనిచేయడం లేదు, అందుకని ట్యాంకుల్లో కర్ర కొలతతో చూశారు. 7,682 లీటర్లు ఉన్నాయి. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. లీటర్లను కిలోల్లోకి మార్చాలంటే 0.8తో గుణించాలి. వాళ్లు గుణించింది 1.77తో. అది లీటరుకు పౌండ్ల లెక్క. ఆ సంస్థలో పాత విమానాలన్నీ పౌండ్లలో నడిచేవి, 767 కిలోల్లో నడిచే కొత్త విమానం. దాంతో ట్యాంకులో 13,597 కిలోలు ఉన్నాయనుకున్నారు, నిజానికి ఉన్నది ఆరు వేల పైచిలుకు. ఇంకా 20,088 లీటర్లు పోయాల్సిన చోట 4,916 లీటర్లు పోశారు. విమానం అవసరంలో సగం కంటే తక్కువతో లేచింది. 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంజిన్లు వరసగా ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపే అలవాటు ఉంది, కో-పైలట్ మారిస్ క్వింటాల్‌కు గిమ్లీలోని పాత వైమానిక స్థావరం తెలుసు. ఇంజిన్లు లేకుండానే అక్కడ దింపారు. 69 మందీ బతికారు.

ఇప్పుడు ఏం చేస్తామో చెప్తాను. బౌజర్ (ఇంధనం పోసే ట్యాంకరు) వాళ్లు ఇచ్చే రసీదు మీద లీటర్లు, సాంద్రత ఉంటాయి. వచ్చినప్పుడు ట్యాంకులో ఉన్న కిలోలకు, పోసిన లీటర్లను సాంద్రతతో గుణించి కలుపుతాం. ఆ మొత్తం కాక్‌పిట్ మీటరు చూపే అంకెతో నిర్ణీత తేడా లోపల సరిపోవాలి. సరిపోకపోతే తలుపు మూయరు. ఇంధనంలో నీళ్లు కలిశాయేమోనని నమూనా తీసి పరీక్షిస్తారు. గాల్లో ఉండగా నియమిత వ్యవధిలో పైలట్లు ఇంకో లెక్క చూస్తారు. ఇప్పటిదాకా ఇంజిన్లు తాగినది, ట్యాంకులో మిగిలినది కలిపితే బయల్దేరినప్పటి అంకె రావాలి. రాకపోతే ఎక్కడో కారుతోందని అర్థం. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ 236లో ఇదే జరిగింది. కుడి ఇంజిన్ దగ్గర లీకు మొదలైంది. రెండు వైపుల ట్యాంకుల్లో తేడా చూసి సిబ్బంది అటువైపు ఇంధనం పంపే వాల్వు తెరిచారు. మంచి ట్యాంకులోని ఇంధనం కూడా లీకు గుండా సముద్రం పాలైంది. అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగాక పందొమ్మిది నిమిషాలు జారుకుంటూ వచ్చి ఎజోర్స్ దీవుల్లోని లాజెస్‌లో దిగారు. 306 మందీ క్షేమం. తేడా కనిపిస్తే ముందు లీకు లేదని తేల్చుకున్నాకే ఆ వాల్వు ముట్టుకోవాలన్నది ఈరోజు ప్రతి పైలట్‌కూ నేర్పే పాఠం.

2016 నవంబరు 28న బొలీవియా నుంచి కొలంబియాలోని మెడెయిన్‌కు, బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు షాపెకోయెన్స్‌ను తీసుకెళ్తున్న లామియా విమానం గురించి రాయడానికి నాకు ఇప్పటికీ చేయి రాదు. ఫ్లైట్ ప్లాన్‌లో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు, ఇంధనం సరిపోయే సమయం కూడా 4 గంటల 22 నిమిషాలు అని రాసి ఇచ్చారు. అంటే ఆల్టర్నేట్ లేదు, ఫైనల్ రిజర్వ్ లేదు. విమానాశ్రయ ఉద్యోగిని ఒకరు ప్రశ్నించినా అది కదిలిపోయింది. మెడెయిన్ దగ్గర వేరే విమానానికి ముందు దారి ఇవ్వాల్సి రావడంతో హోల్డింగ్‌లో పెట్టారు, అదే ముగింపు అయింది. 77 మందిలో 71 మంది చనిపోయారు. ఇది తెలిసి చేసిన నేరం. మిగతా సంఘటనలతో దీన్ని కలపకూడదు.

మన దగ్గరివి రెండు. 2015 ఆగస్టులో దోహా నుంచి కొచ్చి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్ 737, కొచ్చిలో వాతావరణం బాగాలేక పదే పదే ప్రయత్నించి, తిరువనంతపురం మళ్లితే అక్కడ కూడా దృశ్యమానత పడిపోయింది. మొత్తం ఆరుసార్లు గో-అరౌండ్ (దిగబోయి మళ్లీ పైకి లేవడం) అయ్యాక ఏడోసారి దిగింది. 2019 జూలైలో ముంబై నుంచి ఢిల్లీ వెళ్తున్న విస్తారా విమానం వాతావరణం వల్ల లక్నోకు మళ్లింది. అక్కడ చూపు ఆనకపోవడంతో ప్రయాగ్‌రాజ్ వైపు బయల్దేరింది, దారిలో లక్నో మెరుగైందని తెలిసి వెనక్కి వచ్చి మే డే ప్రకటించి దిగింది. రెండూ ఫైనల్ రిజర్వ్ కంటే బాగా తక్కువతో నేలను తాకాయి. రెండింటిలోనూ ఎవరికీ ఏమీ కాలేదు. అయినా మాలాంటివాళ్లకు నిద్ర పట్టనివ్వని సంఘటనలు అవే, ఎందుకంటే నియమం ప్రకారం ఒక్క ఆల్టర్నేట్ పెట్టుకున్నవాళ్లకు రెండో చోటు కూడా మూసుకుపోతే ఏమవుతుందో అవి చూపించాయి. మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ ఆల్టర్నేట్ వాటాలోంచే తింటున్నాం. గమ్యం కళ్లముందే ఉండగా వదిలి వెళ్లడం మనిషికి కష్టం. ఇంట్లో వాళ్లు బయట ఎదురుచూస్తున్న ప్రయాణికులు, రేపటి డ్యూటీ, ఇంకో పది నిమిషాల్లో తెరపిస్తుందేమోనన్న ఆశ, అన్నీ లాగుతుంటాయి. మీ కెప్టెన్ ఆ లాగుడుకు లొంగలేదు. ట్యాంకు ఎంత పెద్దదైనా సరైన సమయానికి తిరగకపోతే లాభం లేదు. సమయానికి తిరిగితే సగం ట్యాంకే చాలు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అడిగే ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే చెప్తాను. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ గగనతలం మన విమానాలకు మూసేశాక, అమెరికా నుంచి ఢిల్లీ వచ్చే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. చుట్టు తిరిగి రావాలంటే దారి పెరిగింది. నిండా ప్రయాణికులతో, అంత ఇంధనంతో కలిపి గరిష్ఠ టేకాఫ్ బరువు దాటకుండా లేవడం కుదరదు. ఒకటి తగ్గాలి. ప్రయాణికులను దించే బదులు మధ్యలో ఆగారు. విసుగే, కానీ సరైన లెక్క.

చివరగా బెంగళూరులో ఆ రెండు గంటలు. దిగగానే విమానానికి బే దొరకాలి, ఆ సాయంత్రం హైదరాబాద్ విమానాలు ఇంకెన్ని వచ్చి ఉంటాయో ఊహించండి. బౌజర్ వంతు రావాలి. మేం హైదరాబాద్ తాజా వాతావరణం చూసి కొత్త ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఈసారి ఆల్టర్నేట్ మళ్లీ బెంగళూరో, చెన్నయ్యో ఎంచుకోవాలి. శంషాబాద్ తెరుచుకున్నాక అందరూ ఒకేసారి బయల్దేరకుండా ఏటీసీ వరస క్రమం ఇస్తుంది. అన్నిటికన్నా గట్టి అడ్డంకి సిబ్బంది డ్యూటీ సమయం. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన పరిమితి దాటితే వాళ్లు ఎగరకూడదు, వేరే సిబ్బందిని తేవాలి. మిమ్మల్ని దించకపోవడానికి కారణం, ఒకసారి దించితే మళ్లీ ఎక్కించడానికి ఇంకో ముప్పావు గంట పడుతుంది, ఈలోపు వచ్చిన వరస చేజారుతుంది. ఇంధనం నింపుతున్నప్పుడు సీట్ బెల్టు తీసి ఉంచమని ప్రకటన వచ్చి ఉంటుంది, సిబ్బంది తలుపుల దగ్గర నిలబడి ఉంటారు. ఏదైనా జరిగితే క్షణాల్లో బయటికి పంపడానికి అది. ఆ సమయంలో బెల్టు పెట్టుకోకండి, నడిచే దారిలో సామాన్లు పెట్టకండి, ఫోన్ గురించి వాళ్లు ఏం చెప్తే అది చేయండి. మందులు వేసుకోవాల్సిన పెద్దవాళ్లు, పాలు కావాల్సిన పసిపిల్లలు ఉంటే మొహమాటపడకుండా వెంటనే సిబ్బందికి చెప్పండి. ముందే తెలిస్తే బయటి నుంచి తెప్పించే ఏర్పాటు వాళ్లు చేయగలరు.